అనంతరామయ్య గాల్లో తిప్పిన బంతి

అనంతరామయ్య నలభై రెండో ఏట బేస్‌బాల్ పాలపడ్డది ఒక పూట భోజనాల దగ్గర నోరు జారినందువల్ల.

ఆయనది ప్రొద్దుటూరు. అనంతపురంలో ఇంజనీరింగు చదివాడు. సింగపూరుకు వచ్చింది తొంభై ఎనిమిదిలో. రెండువేల సంవత్సరం పుట్టగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ పిచ్చెక్కుతుందని అందరూ హడలిపోతున్న రోజులవి. పిచ్చెక్కలేదు. ఎక్కకుండా ఆపింది తానేనన్నట్టు ఆయన చాలాకాలం నడిచాడు. 2008 వచ్చేసరికి వన్-నార్త్‌లో ఒక గాజు మేడ తొమ్మిదో అంతస్తులో, బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే జపాను కంపెనీలో డెలివరీ మేనేజరు. ఆ ఉద్యోగంలో ఏం చేస్తావని ఊళ్లో ఎవరైనా అడిగితే "అన్నీ నేనే చూసుకుంటా" అనేవాడు. ఆఫీసులో ఎవరైనా ఏదైనా అడిగితే "అది నా పరిధిలోకి రాదు" అనేవాడు.

కాపురం టోవా పాయోలో, పదకొండో అంతస్తు ఫ్లాటులో. భార్య ప్రభావతి ఆయనకు మేనత్త కూతురు. ఎలుకల మీద మందులు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. కూతురు స్పందనకు పన్నెండేళ్లు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది, ఆ ఇంగ్లీషు చివర సింగపూరువాళ్ల మాదిరి ఒక 'లా' తగిలించేది.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉండేది. డైరెక్టరుకు ఏ ఆట ఇష్టమో సిబ్బందికంతా ఆ ఆట మీద ప్రాణం లేచి వచ్చేది. పాత డైరెక్టరు ఆస్ట్రేలియా మనిషి. సైకిలు తొక్కేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ బొజ్జలున్న మేనేజర్లందరూ ఒంటికి అతుక్కుపోయే లాగులు వేసుకుని ఆదివారం తెల్లారకముందే తూర్పు తీరం రోడ్డెక్కేవారు. ఆయన బదిలీ అయిపోయిన వారానికే ఆ సైకిళ్ల మీద తువ్వాళ్లు ఆరాయి. ఆయన తర్వాత జపాను నుంచి మోరిషిత అనే పెద్దమనిషి వచ్చాడు. సన్నగా, మృదువుగా ఉండేవాడు. మాట్లాడే ముందు ఒకసారి, మాట్లాడాక ఒకసారి తల వంచేవాడు. ఆయనకు బేస్‌బాల్ అంటే ప్రాణం.

కొత్త డైరెక్టరుకు స్వాగతమని లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం పెట్టించారు. మోరిషిత చేత్తో అన్నం కలపడానికి తంటాలు పడుతూ అడిగాడు, ఇక్కడ ఎవరైనా బేస్‌బాల్ ఆడారా అని. అందరూ ఆకుల్లోకి తలలు వంచారు. రాహుల్ అనే కుర్ర మేనేజరు మాత్రం, తను ఆడలేదు గానీ ఆ ఆటను ఎంతో గౌరవిస్తానన్నాడు. విజయవాడవాడు. పై అధికారి తుమ్మితే తన ముక్కు తుడుచుకునే రకం. రాహుల్‌కు ఒక మార్కు పడిపోయిందనే కంగారులో అనంతరామయ్య అన్నాడు: "నేను క్రికెట్ ఆడాను సార్. లెగ్ స్పిన్. యూనివర్సిటీ జట్టుకు. బంతి ఎటు తిరుగుతుందో నాకు తప్ప ఇంకొకడికి తెలిసేది కాదు."

యూనివర్సిటీ జట్టుతో ఆయనకున్న సంబంధం స్కోరు పుస్తకం రాయడం. లెగ్ స్పిన్ వేసిన మాట అబద్ధం కాదు. హాస్టలు వరండాలో, రబ్బరు బంతితో.

మోరిషిత ముద్ద ఆకులో పెట్టేశాడు. కళ్లు మెరిశాయి. ఏటా ఆగస్టులో కంపెనీ జట్టుకూ, తమకు పనిచ్చే బ్యాంకు జట్టుకూ ఒక స్నేహపూర్వక ఆట జరుగుతుందట. మూడేళ్లుగా కంపెనీ ఓడిపోతోందట. బ్యాంకులో కంప్యూటర్ల విభాగం పెద్ద మిస్టర్ కోహ్ అమెరికాలో చదివినప్పుడు కాలేజీ జట్టుకు ఆడాడట. తిన్నగా వచ్చే బంతి ఎంత వేగంగా వచ్చినా బాదేస్తాడట. ఆయన్ని ఆపాలంటే గాల్లో వంపు తిరిగి కిందికి పడే బంతి కావాలి. దాన్ని కర్వ్ అంటారు. అది వేసేవాడు తమకు లేడు.

"ఇప్పుడు ఉన్నాడు" అని మోరిషిత అనంతరామయ్యకేసి తల వంచాడు.

ఆ ఆదివారం ఉదయం బిషాన్‌లో ఒక స్కూలు మైదానంలో సాధన మొదలైంది. కొత్త టోపీలు, కొత్త గ్లవుజులు, కొత్త బూట్లతో ఇరవై ఆరుగురు వచ్చారు. బంతి పట్టడం వచ్చినవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఒకడు అఖ్తర్. మలక్‌పేటవాడు, ఆఫీసులో టెస్టింగ్ చూసేవాడు. హైదరాబాదు లీగుల్లో నిజంగానే వికెట్ కీపింగ్ చేశాడు. కానీ ఆ మాట భోజనాల దగ్గర అననందున ఎవరికీ తెలియదు. బ్యాట్స్‌మన్ వెనకాల కూర్చుని బంతి పట్టే క్యాచర్ పని అతనికిచ్చారు.

అనంతరామయ్య బంతి తీసుకుని పన్నెండు అడుగులు వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, చెయ్యి గిర్రున తిప్పి విసిరాడు. బంతి సగం దూరంలో నేలకు తగిలి, పక్కనే బెంచీ మీద కూర్చున్న రాహుల్ కాళ్ల సందున దూరింది.

మోరిషిత దగ్గరికి వచ్చి తల వంచి, పేరుకు జపాను గౌరవం తగిలించి, "అనంతా-సాన్, బంతి నేలకు తగలకూడదు" అన్నాడు.

"మరి ఎలా తిరుగుతుంది సార్?"

"గాల్లో."

పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుని అనంతరామయ్య నవ్వాడు. మోరిషిత నవ్వలేదు. ఇంకోసారి తల వంచి, "చాలా ఆసక్తికరంగా ఉంది" అని వెళ్లిపోయాడు. దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని అనంతరామయ్య ఇంటికొచ్చాడు.

తనకు తెలిసిన పద్ధతిలోనే ఆయన ఈ విద్యకు దిగాడు. ఇంటర్నెట్ నుంచి నలభై పేజీలు ఆఫీసు ప్రింటరులో అచ్చు తీశాడు. ఎక్సెల్‌లో ప్రణాళిక వేశాడు. అవసరాల సేకరణ మూడు వారాలు, రూపకల్పన రెండు వారాలు, అమలు నాలుగు వారాలు, పరీక్ష ఒక వారం. ప్రతి సోమవారం మోరిషితకు ప్రగతి నివేదిక వెళ్లేది. 'బంతి తిరుగుట' అనే వరుసకు ఎదురుగా ఆకుపచ్చ రంగు పూసి 'తొంభై శాతం పూర్తి' అని రాసేవాడు. ఐదు వారాలు ఆ తొంభై అలాగే ఉంది. ఆ ఆఫీసులో అన్ని పనులూ అక్కడే ఆగేవి గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

అఖ్తర్ మాత్రం రోజూ పొద్దున ఆరున్నరకు టోవా పాయో వచ్చి, బ్లాకుల మధ్య గడ్డిలో గొంతుక్కూర్చునేవాడు. మొదటి నెలలో అనంతరామయ్య బంతులు అతని భుజానికి, మెడకు, ఒకసారి వెనక నడిచిపోతున్న ముసలాయన కూరగాయల సంచీకి తగిలాయి.

"రామయ్యా భాయ్, నక్కో, ఇగ వద్దు" అన్నాడు అఖ్తర్ ఒకరోజు. "గీ బాల్ ఏడికి వోతదో బ్యాట్స్‌మన్‌కి తెల్వదు, సరే. నాకు తెల్వదు, సరే. నీకన్న తెల్వాలె గదా?"

"అదే కదప్పా దీంట్లో గొప్పతనం" అన్నాడు అనంతరామయ్య.

నలభై పేజీల్లో ఎక్కడో 'మణికట్టు తిప్పవలెను' అని ఉంది. ఆయన మణికట్టును తలుపు పిడి తిప్పినట్టు బలంగా తిప్పేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి మోచేయి వాచింది. మౌసు పట్టుకుంటే నొప్పి. పళ్లు తోముకుంటే నొప్పి. ఎడమ చేత్తో అన్నం తినలేక చెంచా తెచ్చుకుంటే ప్రభావతి చూసింది.

"బావా, మా ల్యాబులో ఎలుకలకు ఒక దోవ తప్పని తెలిసేదానికి మూడు సార్లు చాలు. నాలుగోసారి అవి ఆ పక్కకే పోవు" అంది.

"నన్ను ఎలుకతో పోలుస్తాండావా?"

"లేదులే. ఎలుకలు మాకు చానా ముఖ్యం."

అనంతరామయ్య అలిగి బంతి పట్టుకుని కిందికి దిగిపోయాడు. బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్ ఉంటుంది. అక్కడ గోడ మీద బంతి ఆటలు నిషిద్ధమని బోర్డు ఉంది. బోర్డు మీద కాలితో తన్నే బంతి బొమ్మ ఉంది. తనది చేతి బంతి గనుక ఆ నిషేధం తన పరిధిలోకి రాదని ఆయన తీర్మానించుకున్నాడు. గోడకేసి నాలుగు బంతులు విసిరి, ఐదోదానికి "అబ్బా" అని మోచేయి పట్టుకుని చతికిలబడ్డాడు.

స్తంభం పక్కన చెప్పులు కుట్టి, తాళం చెవులు చేసే చిన్న బడ్డీ ఒకటుంది. దాని యజమానిని అందరూ చెన్ అంకుల్ అంటారు. డెబ్భై దాటిన మనిషి. తైవాన్‌లో పుట్టి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని ముప్ఫై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడ్డాడు. అనంతరామయ్య పదేళ్లుగా ఆ బడ్డీ ముందునుంచే ట్రైనుకు నడిచి వెళుతున్నాడు. ఒక్కసారి పలకరించిన పాపాన పోలేదు. ఆరోజు చెన్ అంకులే పలకరించాడు.

"హూ టీచ్ యూ?"

"ఇంటర్నెట్."

"ఇంటర్నెట్ ఎల్బో నో పెయిన్. యువర్ ఎల్బో పెయిన్" అని, బంతి ఇటివ్వమని చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి చూశాడు అనంతరామయ్య. వేళ్లు పొడవుగా, కణుపుల దగ్గర లావుగా, జిగురు మరకలతో ఉన్నాయి. ఆ వేళ్లలో బంతి గువ్వపిట్టలా ఒదిగింది. చిన్నప్పుడు స్కూలు జట్టుకు విసిరేవాడట చెన్ అంకుల్. పంతొమ్మిదో ఏట భుజం పోయింది. దాంతో ఆట పోయింది. బంతి మీద ఎర్రదారం కుట్టు ఉంటుంది. మధ్యవేలు ఆ కుట్టు వెంబడి ఆనించాలి. బొటనవేలు కింద ఉండాలి. చూపుడువేలు ఊరికే పక్కన కూర్చోవాలి, దానికి పనిలేదు. చెయ్యి టీ గ్లాసు పట్టుకున్నట్టు నిలువుగా ఉంచి, వదిలేటప్పుడు కిటికీ మీది తెరను కిందికి లాగినట్టు లాగాలి. తిప్పకూడదు. ఇదంతా ఆయన పది ఇంగ్లీషు మాటల్లోనూ, మిగతాది చేతుల్తోనూ చెప్పాడు.

"నో ట్విస్ట్. పుల్" అన్నాడు చివరికి. తర్వాత బంతి తిరిగివ్వలేదు. సొరుగులో పడేసి తాళం వేసి, ఖాళీ అయిన బూటు పాలిష్ డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. గుండ్రంగా, పలకగా, అరచేతిలో ఇమిడేంత ఉంది. అది గాల్లో బండి చక్రంలా నిలువుగా దొర్లుతూ పోవాలి. అటూ ఇటూ ఊగకూడదు. అలా పోయిన రోజున బంతి ఇస్తానన్నాడు.

"ఎన్ని రోజులు పడుతుంది అంకుల్?" అనంతరామయ్య ప్రణాళికలో ఆ వరుస ఎక్కడ ఇరికించాలో ఆలోచిస్తున్నాడు.

చెన్ అంకుల్ ఒక చెప్పు అందుకుని కుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ముందు మోచేయి వాపు తగ్గడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత నెల రోజులపాటు డెలివరీ మేనేజరు అనంతరామయ్య పొద్దునా సాయంత్రం బూటు పాలిష్ డబ్బా విసిరాడు. అది తాగినవాడి నడకలా ఊగుతూ పోయి స్తంభాలకు కొట్టుకునేది. మూత ఊడి ఎటో, అడుగు ఎటో పోతే రెండూ ఏరుకొచ్చేవాడు. స్కూలు నుంచి వచ్చే స్పందన తండ్రిని చూసి స్తంభం చాటుకు తప్పుకునేది.

"పప్పా, ప్లీజ్ లా. మై ఫ్రెండ్స్ ఆర్ లుకింగ్."

"చూడనీ. మీ నాయన ఏం జేస్తాండాడో వాళ్లకూ తెలియాల."

"దట్స్ ది ప్రాబ్లమ్ లా."

ఆఫీసులో మాత్రం ఆయన ఈ డబ్బా ఊసెత్తలేదు. ఒక తైవాన్ నిపుణుడి దగ్గర ప్రత్యేక శిక్షణ జరుగుతోందని నివేదికలో రాశాడు. రాహుల్ కడుపు మండిపోయి, జపాను భాష క్లాసులో చేరాడు.

మే నెలాఖరులో, ఒక శనివారం సాయంత్రం, వాన వెలిశాక, డబ్బా చేతిలోంచి వదిలీ వదలగానే ఏదో తేడా తెలిసింది. మధ్యవేలి కొసను అది ఒరుసుకుంటూ పోయింది. చప్పుడు లేకుండా, ఊగకుండా, నిటారుగా దొర్లుతూ, వాయిడ్ డెక్ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయి స్తంభానికి ఠంగుమని తగిలింది. అనంతరామయ్య తిరిగి చూశాడు. చెన్ అంకుల్ తల ఎత్తలేదు. ఎడమ చేత్తో సొరుగు తాళం తీసి, బంతి బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున అఖ్తర్ ఎప్పటిలా గడ్డిలో గొంతుక్కూర్చున్నాడు. అనంతరామయ్య విసిరిన మూడో బంతి అతని తల మీదుగా పోయేంత ఎత్తులో లేచింది. అలవాటు ప్రకారం అఖ్తర్ గ్లవుజు పైకెత్తాడు. సగం దారి దాటాక, కూర్చోబోయేవాడి కింద కుర్చీ లాగేసినట్టు, బంతి ఒక్కసారిగా కిందికి పడి అతని మోకాలి చిప్ప మీద తగిలింది.

"యా అల్లా!" అఖ్తర్ ఒంటికాలి మీద గెంతాడు. గెంతుతూనే అరిచాడు, "తిర్గింది! రామయ్యా భాయ్, తిర్గింది! గాల్లనే తిర్గింది!"

అనంతరామయ్య తన మధ్యవేలి కొస చూసుకున్నాడు. పదహారేళ్ల ఉద్యోగంలో ఆయన చేతినుంచి ఎన్నో ప్రాజెక్టులు పోయాయి. వాటిలో ఏది తను చేసింది, ఏది తను చేయకపోయినా జరిగేది అని అడిగితే చెప్పలేడు. ఈ వంపు మాత్రం తనది. తన మధ్యవేలు లాగింది, బంతి వంగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మోకాలు చూసి బాధపడుతున్నాడని అఖ్తర్ అనుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఆ మనిషి పక్కన కూర్చుని ఎవరూ భోజనం చేయలేకపోయారు. నారింజపండు కనిపిస్తే పట్టు చూపించేవాడు. లిఫ్టులో అపరిచితులకు చూపించేవాడు. ముప్ఫై రెండు స్లైడ్లతో 'కర్వ్‌బాల్ నాకు నేర్పిన నాయకత్వ పాఠాలు' అని ఆఫీసులో ఉపన్యాసమిచ్చాడు. అందులో పాలిష్ డబ్బా లేదు. చెన్ అంకుల్ పేరు ముప్ఫై రెండో స్లైడులో, కింద, చిన్న అక్షరాల్లో ఉంది.

ఆగస్టులో ఆట జరిగింది. ఎండ మాడిపోతోంది. చివరి ఇన్నింగ్సు వచ్చేసరికి ఎవరూ ఊహించని విధంగా కంపెనీ ఒక పరుగు ముందుంది. బ్యాంకు జట్టులో అప్పటికే ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కరు అవుటైతే ఆట అయిపోతుంది. బ్యాటు పట్టుకుని వచ్చింది మిస్టర్ కోహ్. యాభై ఏళ్ల బలమైన మనిషి, నల్లకళ్లద్దాలు. మోరిషిత బంతి తెచ్చి రెండు చేతులతో అనంతరామయ్యకు ఇచ్చాడు. మూడుసార్లు కోహ్ బంతి తప్పితే అవుట్. నాలుగు బంతులు పక్కకు పోతే కోహ్ ఊరికే బేసుకు, అంటే పరుగులో మొదటి మజిలీకి, నడిచిపోతాడు.

అనంతరామయ్య విసరడానికి నిలబడగానే రాహుల్ నీళ్ల సీసా నెపంతో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, ఒక్క మాటండీ. కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెలేనండీ. సంతకం పెట్టేది ఆయనేనండీ. కాస్త తిన్నగా, మెత్తగా వెయ్యండి, కొట్టుకుంటాడు."

"డైరెక్టర్ చెప్పినాడా?"

"నోటితో చెప్తారేంటండీ? ఆయన మనసులో మాట మనం కనుక్కోవాలి గానీ."

అనంతరామయ్య మోరిషితకేసి చూశాడు. మోరిషిత తల వంచాడు. ఆయన ఎప్పుడూ వంచుతూనే ఉంటాడు గనుక దానికి అర్థం తెలియలేదు. పదహారేళ్లుగా అర్థం తెలియనప్పుడల్లా అనంతరామయ్య ఏం చేశాడో ఇప్పుడూ అదే చేశాడు. పెద్దలకు ఏది నచ్చుతుందో ఊహించి దానికి సిద్ధపడ్డాడు. తిన్నని బంతి, మెత్తటి బంతి, కోహ్ బొడ్డుకు ఎదురుగా వేయడానికి చెయ్యెత్తాడు.

మొదటిది అఖ్తర్ తల మీదుగా కంచెకు తగిలింది. రెండోది అంపైరు పక్కనుంచి పోయింది. మూడోది కాళ్ల ముందే నేలకు తగిలింది. ఏడు నెలల్లో తిన్నగా వేయడం ఆయన ఒక్కరోజూ నేర్చుకోలేదు.

కోహ్ బ్యాటు దించి, "మిస్టర్, యూ త్రో ప్రాపర్లీ లా. ఐ డోంట్ వాంట్ టు వాక్" అన్నాడు.

అఖ్తర్ లేచి కుంటుకుంటూ వచ్చాడు. ఆ మోకాలు ఇంకా పూర్తిగా మానలేదు. గ్లవుజు నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు, "ఏమైంది మియా?"

"తిన్నగా వేయమంటాండారు."

"ఎవరు?"

"ఎవరో."

"అరె భాయ్, సీదా బాల్ నీకు రానే రాదు. రాని పని చేసి నౌకరీ ఎట్ల కాపాడ్తవ్? వచ్చింది ఎయ్."

అఖ్తర్ వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. అనంతరామయ్య మధ్యవేలిని కుట్టు వెంబడి పెట్టాడు. మొదటిది కోహ్ కళ్లెదుటే ఎత్తుగా వచ్చి, వదిలేద్దామనుకునేసరికి నడుము దగ్గరికి దిగిపోయింది. కొట్టగలిగిన బంతి వదిలేసినందుకు అంపైరు ఒక తప్పు లెక్కేసి అరిచాడు. రెండోదానికి కోహ్ తొందరపడి గాలిని కొట్టాడు. మూడోదానికి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపాడు. బంతి బ్యాటు కిందినుంచి జారి అఖ్తర్ గ్లవుజులో పడింది. కోహ్ బొంగరంలా ఒక చుట్టు తిరిగి దుమ్ములో కూర్చున్నాడు. నల్లకళ్లద్దాలు ఒక చెవికి వేలాడాయి.

కంపెనీ బెంచీ మీద ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాహుల్ నీళ్ల సీసాతో కోహ్ దగ్గరికి పరుగెత్తాడు. మోరిషిత ఒక్కడే నడుం దాకా వంగి, అలాగే చాలాసేపు ఉండిపోయాడు. లేచినప్పుడు ఆయన మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. తిన్నని బంతి సంగతి ఆయన మనసులో ఏనాడూ లేదని అప్పుడు తేలింది.

సెప్టెంబరులో ప్రపంచం ఆ చివర ఏవో పెద్ద బ్యాంకులు కూలాయి. నవంబరులో ఈ బ్యాంకు ప్రాజెక్టు ఆపేసింది. వన్-నార్త్ గాజు మేడలో తొమ్మిదో అంతస్తు సగం ఖాళీ అయింది. వాల్ స్ట్రీట్ కూలడం వల్ల ఉద్యోగాలు పోయాయని పేపర్లు రాశాయి. ఆఫీసు ప్యాంట్రీలో మాత్రం అనంతరామయ్య బంతి వల్ల పోయాయని చెప్పుకున్నారు. పోయినవాళ్లలో అనంతరామయ్య ఉన్నాడు, అఖ్తర్ ఉన్నాడు. మోరిషితను జపానుకు పిలిపించుకున్నారు. ఆయన స్థానంలో వచ్చినవాడు గోల్ఫ్ ఆడతాడు. రాహుల్‌కు జపాను భాష మధ్యలో మానేసి గోల్ఫ్ క్లాసులో చేరే తీరిక దొరికింది, ఆపైన ప్రమోషనూ దొరికింది.

నాలుగు నెలలు అనంతరామయ్య ఇంట్లో కూర్చున్నాడు. ప్రభావతి ఒక్క మాట అనలేదు. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది. చివరికి ఉబిలో, లిఫ్టుల మరమ్మతులకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో పని దొరికింది. అక్కడ చూసుకోవడానికి ఏమీ లేదు, కూర్చుని రాయాలి. పదకొండేళ్ల తర్వాత కోడ్ రాయడం మళ్లీ నేర్చుకున్నాడు, అలేఖ్య అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కింద. తప్పు చేస్తే ఆ పిల్ల "అంకుల్, ఇది మళ్లీ చెయ్యండి" అనేది. చేసేవాడు.

ఆదివారాలు మాత్రం బిషాన్ మైదానానికి వెళ్లేవాడు. ఇరవై ఆరుగురిలో మిగిలింది ఆయనా అఖ్తరూ. చెన్ అంకుల్ ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని కూర్చునేవాడు. కొత్త మనుషులు కనిపిస్తే అనంతరామయ్య ఆగస్టు ఆట కథ చెప్పేవాడు. "ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా తప్పుడు బంతి వేసేదానికి నా చెయ్యి రాలేదు" అనేవాడు. అఖ్తర్ అడ్డు చెప్పేవాడు కాదు. మోకాలు నిమురుకునేవాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున ఒక మనిషి బ్యాటు భుజాన వేసుకుని బస్సు దిగి మైదానంలోకి వచ్చాడు. కారు లేకపోయేసరికి గుర్తు పట్టడానికి కాసేపు పట్టింది. మిస్టర్ కోహ్. ఆయన ఉద్యోగం జనవరిలో పోయిందట.

"దట్ డే, సన్ ఇన్ మై ఐస్, యూ నో" అన్నాడు పలకరింపుకు బదులు. "వన్ మోర్ టైమ్."

అనంతరామయ్య వేశాడు. కోహ్‌కు తగల్లేదు. బూట్లు కొత్తవన్నాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. తగల్లేదు. బ్యాటు బరువెక్కువన్నాడు. మూడో వారం గాలి అన్నాడు. నాలుగో వారం చెన్ అంకుల్ దగ్గితే ఏకాగ్రత పోయిందన్నాడు. ఐదో వారం ఏమీ అనలేదు, ఒట్టి చేతులతో ఊపడం సాధన చేస్తూ బస్‌స్టాపు దాకా నడిచాడు. ఈ ఐదు వారాలూ అనంతరామయ్య ఆదివారం కోసం పెళ్లిచూపులకు పోయేవాడిలా తయారయ్యేవాడు.

ఆరో ఆదివారం బంతి మామూలుగానే ఎత్తుగా లేచింది, మామూలుగానే పడింది. కోహ్ ఈసారి తొందరపడలేదు. ఆగి, మోకాళ్లు వంచి, కిందికి దిగిన బంతిని దిగిన చోటే కొట్టాడు. అది అఖ్తర్ మీదుగా కాదు, అనంతరామయ్య మీదుగా పోయింది. కంచె దాటి, పెద్ద వానకాలవ దాటి, అవతల చెట్లలో పడింది. చెన్ అంకుల్ స్టూలు మీదినుంచి లేచి చప్పట్లు కొట్టాడు. కోహ్ బ్యాటు పారేసి, యాభై ఏళ్ల మనిషి, నాలుగు బేసుల చుట్టూ అరుచుకుంటూ పరుగెత్తాడు. బంతి వెతకడానికి కూడా ఆగకుండా అందరికీ చేతులు ఊపి బస్సెక్కాడు. ఏడో ఆదివారం రాలేదు.

ఆ ఆరో ఆదివారం మధ్యాహ్నం అనంతరామయ్య ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ప్రభావతి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి మోచేతి మీద పెట్టింది.

"ఏం బావా, కొట్టినాడా?"

"కొట్టినాడు."

"పాపం ఉద్యోగం లేనోడని నువ్వే ఇచ్చినావా?"

చెప్పుకోవడానికి ఎంతో బాగుండే మాట అది. ఆమె చేతికిచ్చినట్టు ఇస్తోంది.

"లేదు ప్రభా" అన్నాడు. "నేను బాగానే వేసినా. ఆయప్ప ఇంకా బాగా కొట్టినాడు."

ప్రభావతి ఆయన మొహంలోకి చూసి, గుడ్డ ఇంకొంచెం బిగించి కట్టింది. "చెయ్యి కదపాకు" అని, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్లింది.